గ్యాసు మీటరు జాతకం

టొరంటో చుట్టుపక్కల ఊళ్లలో ఈమధ్య ఇళ్ల ముందు ఉక్కు స్తంభాలు మొలుస్తున్నాయి. బ్రాంప్టన్, మిస్సిసాగా, మార్కమ్, ఎటు వెళ్లినా డ్రైవ్‌వేకి అడ్డంగా మోకాలెత్తున ఒకటో రెండో కనిపిస్తాయి. తాళం తిప్పితే భూమిలోకి దిగుతాయి, మళ్లీ తిప్పితే పైకి లేస్తాయి. కార్ల దొంగలు అంతగా పెట్రేగిపోయారు మరి. 2024లో ఒక పోలీసు అధికారి, దొంగలు ఇంట్లోకి జొరబడకుండా ఉండాలంటే కారు తాళాలు వీధి గుమ్మం దగ్గరే పెట్టుకోండని జనానికి హితబోధ చేశాడు. ఆ మాట విన్నాక, స్తోమత ఉన్నవాళ్లు వేల డాలర్లు పోసి స్తంభాలు పాతించుకున్నారు. మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? గృహప్రవేశానికి వెళితే ఇదివరకు వంటగట్టు గ్రానైటు చూపించేవారు. ఇప్పుడు ముందు స్తంభం చూపించి, ఆ తర్వాత ఇల్లు చూపిస్తున్నారు.

ఈ దేశంలో స్తంభయోగం ఎవరెవరికి ఉందో గమనించడం నాకొక కాలక్షేపం. పెట్రోలు పంపుకి ఉంది. కొట్టు బయట బోనులో పెట్టిన గ్యాసు సిలిండర్లకి ఉంది. కారు దిగకుండా కాఫీ కొనుక్కునే డ్రైవ్-త్రూలో ధరల బోర్డుకి ఉంది. కాఫీ ధరని కారు గుద్దితే జాతి తట్టుకోలేదు కదా. వెనక సందులో గోడకి వేలాడే గ్యాసు మీటరు భోగం చూడాలి: అటొకటి, ఇటొకటి, పసుపు రంగు పూసుకుని జయవిజయుల్లా నిలబడి ఉంటాయి.

అదే ప్లాజాలో ముందువైపుకి రండి. పిజ్జా కొట్టుకీ పళ్ల డాక్టరుకీ నడుమ డేకేర్. పిల్లలకి వెలుతురు రావాలని నిలువెత్తు అద్దం. అద్దానికి ఎదురుగా, కార్లు ముక్కు గోడకేసి ఆగే పార్కింగు. బంపరుకీ ఉయ్యాలకీ మధ్య ఈ నాగరికత నిలిపిన రక్షణ కవచం ఆరంగుళాల సిమెంటు గట్టు. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కిన కాలికి ఆ గట్టు తగిలినట్టు కూడా తెలియదు.

2025 సెప్టెంబరు 10న టొరంటోకి ఉత్తరాన ఉన్న రిచ్‌మండ్ హిల్‌లో ఒక ఎస్‌యూవీ డేకేర్ కిటికీ బద్దలుకొట్టుకుని లోపలికి దూసుకుపోయింది. ఏడాదిన్నర పసివాడు చనిపోయాడు. మరికొందరు పిల్లలూ, వాళ్లని చూసుకునే పెద్దలూ గాయపడ్డారు. ఆ గదిలో జరిగినదాని గురించి వ్యంగ్యం రాయడం నాకు చేతకాదు. ఆ గది బయట జరిగేదాని గురించి మాత్రమే రాస్తున్నాను.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో పిల్లల సంరక్షణకి నిబంధనలు లేవని ఎవరూ అనలేరు. 2014లో చట్టం చేశారు, దాని కింద లావుపాటి నియమావళి ఉంది. ఒక్కో పసిపిల్లకి గదిలో 2.8 చదరపు మీటర్ల ఖాళీ నేల ఉండాలి. నడక నేర్చిన పిల్లలు ఐదుగురికి ఒక పెద్ద ఉండాలి. ఆడుకునే చోట కంచె 1.2 మీటర్లకి తగ్గకూడదు. ఈ వారం ఏం పెడుతున్నారో జాబితా రాసి అందరికీ కనబడేలా గోడకి అంటించాలి. ఇంత పకడ్బందీగా రాసిన పెద్దలు పిల్ల బయటికి పోవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ ఊహించారు. కారు లోపలికి వచ్చే దారి మాత్రం వాళ్ల ఊహకి అందలేదు.

ఊహించలేనిదేమీ కాదది. 2014 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలోని ఒర్లాండో దగ్గర ఒక కారు డేకేర్‌లోకి దూసుకెళ్లి నాలుగేళ్ల పాప పోయింది. 2019 మేలో జపాన్‌లోని ఒత్సులో రెండు కార్లు ఢీకొని, ఒకటి ఫుట్‌పాత్ మీద నిలబడ్డ నర్సరీ పిల్లల మీదికి వెళ్లింది, ఇద్దరు చనిపోయారు. ఆ ఏడాదే నర్సరీల చుట్టూ ‘కిడ్స్ జోన్’లు గుర్తించమని అక్కడి ప్రభుత్వం చెప్పింది. అన్నిటికంటే ముచ్చటైన కథ సెవెన్-ఇలెవెన్ కొట్లది. 2017లో షికాగో శివార్లలో కొట్టు ముందు నిలబడ్డ మనిషిని కారు గుద్దితే రెండు కాళ్లూ పోయాయి. ఆయన కోర్టుకెళ్లాడు. కంపెనీ లెక్కలు తీయిస్తే, అమెరికాలో తమ కొట్ల ముందు పదిహేనేళ్లలో 6,253 సార్లు కార్లు ఇలా దూసుకొచ్చినట్టు తేలింది. రోజుకొకటి కంటే ఎక్కువే. లెక్క శ్రద్ధగా రాసుకున్నారు, ఆ కొట్టు ముందు స్తంభాలే పాతలేదు. చివరికి 2023లో 9 కోట్ల 10 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆ డబ్బుకి ఎన్ని స్తంభాలు వచ్చేవో గుణించడం నా వల్ల కాలేదు. స్తంభమంటే ఏముంది, కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టం. పైకి కనిపించేది ఒక మీటరు, భూమిలో ఇంకో మీటరు. చంద్రయానం కాదు.

రిచ్‌మండ్ హిల్ తర్వాత డేకేర్ల ముందు అడ్డుకట్టలకి నిధులు అన్న మాట వినిపించింది. సంతోషమే. కానీ అసలు ప్రశ్న అప్పుడే మొదలైంది: పాతేది ఎవరి సొమ్ముతో, ఎవరి నేలలో? డేకేర్ వాళ్లేమో అద్దెకున్నవాళ్లు. ప్రభుత్వ పథకంలో ఉంటే రోజుకి 22 డాలర్లకి మించి ఫీజు తీసుకోకూడదు, కాబట్టి తల్లిదండ్రుల మీద వేయడానికి లేదు. ప్లాజా యజమానికి పార్కింగు గీతలంటే పంచప్రాణాలు. ఊరి పాలక సంస్థకి గొయ్యి అంటే పర్మిషను, పర్మిషను అంటే ఫీజు. తవ్వేముందు కింద ఏ పైపులున్నాయో గుర్తులు పెట్టించుకోవాలి, అది చట్టం. శీతాకాలం మంచు తోసే బండివాడు తన బండికి దారేదంటాడు. మన ఊళ్లలో వీధి మలుపున ఇంటి మూలకి ఒక బండరాయి పాతేవారు, ఎడ్లబండి ఇరుసు గోడ గీరకుండా. ఇంటాయన పొద్దున అనుకున్నాడు, సాయంత్రానికి రాయి లేచింది. ఫెడరల్ వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అని ఎవరూ అడగలేదు.

దరఖాస్తు ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను. మొదటి పేజీ: మీ కేంద్రం ఎదుట గతంలో ప్రమాదం జరిగిందా? ‘లేదు’ అని రాస్తే, అవసరం రుజువు కాలేదు కనుక తిరస్కరించడమైనది. ‘అవును’ అని రాస్తే, భద్రతా ప్రమాణాలు పాటించని కేంద్రం కనుక విచారణకి పంపడమైనది. రెండో పేజీలో మూడు కొటేషన్లు జతపరచాలి. మూడో పేజీలో ఇంగ్లిషు, ఫ్రెంచి రెండు భాషల్లోనూ మంత్రిగారి ఫొటో ఎక్కడ పెట్టబోతున్నారో రాయాలి.

డబ్బు లేక అనుకునేరు. ఇదే ఒంటారియో ప్రభుత్వం 2025 మొదట్లో పన్ను రిటర్ను వేసిన పెద్దలకి తలా 200 డాలర్ల చెక్కు పంపింది, మొత్తం 300 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది బీరుని సందు చివరి కొట్లలోకి, ఒప్పందంలో రాసుకున్న గడువు కంటే ముందే తేవడానికి, బీరు అమ్మే బీర్ స్టోరు అనే సంస్థకి 22 కోట్ల 50 లక్షల డాలర్ల దాకా ఇస్తామంది. 2024 సెప్టెంబరు 5కల్లా సీసాలు అరల్లోకి వచ్చేశాయి. పట్టుదల ఉంటే ప్రభుత్వం గడువుని వెనక్కే కాదు, ముందుకి కూడా జరపగలదని అప్పుడే తెలిసింది.

ఇంకొకటి చెప్పాలి. రిచ్‌మండ్ హిల్ ఘటన జరిగిన ఆ నెలలోనే ఒంటారియో ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, డగ్ ఫోర్డ్ స్పీడ్ కెమెరాలని నిషేధిస్తామన్నారు. అవి జనం జేబులు కొట్టడానికే పెట్టారని ఆయన అభిప్రాయం. పార్కింగులో జరిగిన ప్రమాదానికీ స్పీడ్ కెమెరాకీ సంబంధం లేదు, ఒప్పుకుంటాను. అయినా ఆ వరస చూడండి. టొరంటోలో బడుల దగ్గర ఈ కెమెరాలు పెట్టాక వేగం హద్దు మీరే బళ్ల వాటా 45 శాతం తగ్గిందని సిక్‌కిడ్స్ ఆసుపత్రి పరిశోధకులు ఆ వేసవిలోనే ప్రచురించారు. జనంలో కొందరు అప్పటికే తమ తీర్పు వేరేలా ఇచ్చారు: ఆ ఊళ్లోనే పార్క్‌సైడ్ డ్రైవ్ అనే వీధిలోని కెమెరాని పదే పదే నరికారు, ఒకసారి తీసుకెళ్లి బాతుల చెరువులో పడేశారు. నవంబరు 14 నుంచి నిషేధం అమలైంది. బదులుగా 21 కోట్ల డాలర్లు పెట్టి స్పీడ్ బ్రేకర్లూ పెద్ద పెద్ద బోర్డులూ పెడతారట. కారుకి జరిమానా వేస్తే మనసు నొచ్చుకుంటుంది. బోర్డయితే చదువుకుని, ఇష్టమైతే ఆగుతుంది.

తన పిల్లల దగ్గర ఉండటానికి సూపర్ వీసా మీద వచ్చిన మా పెద్దమ్మ సాయంత్రాలు మనవణ్ణి తేవడానికి నాతో నడిచి వస్తుంది. మొన్న ప్లాజా వెనక సందులో ఆగిపోయింది.

“ఒరే, ఆ గోడకున్న పెట్టెలో ఏముందిరా? అంత కాపలా పెట్టారు, బంగారమా?”

“గ్యాసు మీటరు పెద్దమ్మా. కారు గుద్దితే పేలుతుందని.”

“మరి ముందు అద్దం వెనకాల పిల్లలున్నారుగా?”

“రూలు ప్రకారం పిల్లలు పేలుడు పదార్థాలు కాదు పెద్దమ్మా.”

“ఎవర్రా అన్నది? మన వెధవని ఒక్క పూట వాళ్లింట్లో దింపిరా, రూలు మారుస్తారు.”

పెద్దమ్మ మాటలో పనికొచ్చే ఉపాయం ఉంది. వాహనం తగిలే చోట గ్యాసు మీటరు ఉంటే దానికి రక్షణ ఉండి తీరాలని నియమం ఎప్పటినుంచో ఉంది. దానికి ఎవరూ దరఖాస్తు అడగరు, ఎవరూ రిబ్బను కత్తిరించరు. కాబట్టి డేకేర్ నడిపేవాళ్లందరికీ నా సలహా: ప్రతి గది కిటికీ కిందా ఒక మీటరు బిగించండి. గ్యాసు వచ్చేలా చూసుకోనక్కర్లేదు, ముల్లు తిరిగితే చాలు. మీటర్లు దొరక్కపోతే మధ్యాహ్నం భోజనం జాబితా ఎలాగూ గోడకి అంటించాలి కదా, దాన్నే నిలువెత్తున రాయించి, ధరలు వేసి, వెనకాల దీపాలు పెట్టి, పార్కింగు వైపు తిప్పి నిలబెట్టండి.