సున్నా చేసిన నేరం

పదో తరగతి ఫలితాలు మా క్వాలిటీ ఆడిటర్ల చేతిలో పెడితే ఏం చేస్తారో ఊహించగలను. కింది హద్దు 35, పై హద్దు 100 అని రాసుకుని, సరిగ్గా నడిమధ్యన అరవై ఏడున్నర తెచ్చుకున్నవాడికి ఫస్టు ప్రైజు ఇస్తారు. తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్ల వాళ్ల నాన్నను పిలిపించి, "అమ్మాయి అంచుకు పోతోందండీ, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అంటారు.

నవ్వకండి. షాఫ్టులకు రోజూ జరుగుతున్నది ఇదే.

షాఫ్టును తిప్పుతూ డయల్ గేజ్ ఆనిస్తే ముల్లు ఎంత ఊగిందో అదే రనౌట్. డ్రాయింగులో ఒక్కటే హద్దు: 0.05 మిల్లీమీటరు దాటకూడదు. కింది హద్దు లేదు. సున్నాయే వస్తే కళ్లకద్దుకుని తీసుకుంటారు. కానీ ఎక్సెల్ షీటులో కింది హద్దుకో గడి ఉంది. గడి అంటూ ఉన్నాక నింపకపోతే మర్యాదేనా? సున్నా వేస్తారు. పోనీ వదిలేద్దామా అంటే, ఖాళీ గడిని సున్నాగా లెక్కగట్టడం ఎక్సెల్‌కు పుట్టుకతో వచ్చిన బుద్ధి. నింపినా సున్నాయే, నింపకపోయినా సున్నాయే.

నేను పనిచేసిన ఒక షాపులో సగటు 0.010, సిగ్మా (కొలతలు ఎంత చెదిరాయో చెప్పే అంకె) 0.004 వచ్చాయి. పై హద్దుకు మిగిలిన 0.040ని మూడు సిగ్మాలతో, అంటే 0.012తో భాగిస్తే 3.33. కస్టమర్ అడిగింది 1.33. స్వీట్లు పంచుకోవాల్సిన రోజు. అయితే కస్టమర్ చూసే సీపీకే, అంటే హద్దుల్లో ఉండగల సామర్థ్యపు సూచిక, రెండు వైపుల లెక్కల్లో చిన్నది. సున్నా వైపు నుంచి 0.010ని 0.012తో భాగిస్తే 0.83. ఫెయిల్! కస్టమర్ తరఫున వచ్చినాయన ఎర్ర పెన్ను తీశాడు. తప్పేమిటి సార్ అంటే, "మీ సగటు సున్నాకు మరీ దగ్గరగా ఉంది" అన్నాడు. షాఫ్టులు మరీ బాగున్నాయని దానర్థం.

పైగా ఆయన గీసిన గంట ఆకారపు గీత ప్రకారం, పదివేల షాఫ్టుల్లో అరవై రెండింటికి రనౌట్ సున్నాకన్నా తక్కువ ఉండాలి. సూటికన్నా సూటి అన్నమాట. వాటిలో ఒక్కటి చూపించండి, పూజ గదిలో పెట్టుకుంటానన్నాను. ఆయనకు నచ్చలేదు.

నిజానికి ఆ 3.33 మీద కూడా నేను ఒట్టేయను. సున్నా దగ్గర గోడ ఉంది కాబట్టి ఇలాంటి కొలతలు ఆ పక్కన కుప్పపడి, రెండో పక్కకు తోక సాగుతాయి. సగటు బదులు మధ్యగతం, మూడు సిగ్మాల బదులు మధ్యగతం నుంచి 99.865వ శతాంశం దాకా ఉన్న దూరం తీసుకోవాలి. అంటే పదివేలకు పదమూడు, పద్నాలుగు ముక్కలు మాత్రమే ఉండే తోక కొసను పట్టుకోవాలి. మనవాళ్లు ముప్పై పీసులు కొలిచి ఆ కొస చేతికి చిక్కిందంటారు!

ఒక్క హద్దే ఉంటే ఆ ఒక్క వైపే లెక్కకట్టమని 1986లోనే విక్టర్ కేన్ తన వ్యాసంలో పై హద్దుకు సీపీయూ, కింది హద్దుకు సీపీఎల్ అని విడివిడిగా చూపించాడు. మినీట్యాబ్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోనైతే "బౌండరీ" అని ఒక టిక్కు పెడితే చాలు, ఆ వైపు జోలికే పోదు. ఆ టిక్కు ఎవరూ పెట్టరు. మందుల కంపెనీల్లోనూ ఇదే జబ్బు. "ఇంతకు మించరాదు" అన్న మలినానికి కింద సున్నా తగిలించి, మందు శుద్ధమయ్యేకొద్దీ మార్కులు కోసేస్తారు.

మా గ్రైండింగ్ ఆపరేటర్ ఇదంతా విని తల గోక్కున్నాడు. "సార్, షాఫ్టును పట్టుకునే సెంటర్లు కొంచెం అరిగినవి పెడితే సరిపోద్దా?"

సరిపోయింది. సగటు 0.025కు చేరింది, సిగ్మా కదల్లేదు. ఎటు నుంచి లెక్కేసినా 2.08. తర్వాతి రిపోర్టులో ఆకుపచ్చ ఇంకుతో రాసి ఉంది: "నిరంతర మెరుగుదల, ప్రశంసనీయం."