చెవికి ఒకటి, చేతికి అర

ఎంసెట్ పేరు మార్చుకుని ఈఏపీసెట్ అయినా మన ఇళ్లలో మారని ప్రశ్న ఒకటుంది: “మెకానికల్ అంటే లారీలు బాగుచెయ్యడమేనా?” కంప్యూటర్ సైన్స్ సీటు అందని కుర్రాడు కౌన్సెలింగ్ ఆఖరి విడతలో బిక్కమొహంతో మెకానికల్ ఆప్షన్ పెడుతుంటే వెనకనుంచి పెదనాన్నగారు వేసే ప్రశ్న ఇది. అయ్యా పెదనాన్నగారూ, నిశ్చింతగా ఉండండి. మీవాడు పట్టా తెచ్చుకుంటాడు గానీ లారీ జోలికి మాత్రం పోడు. పోకుండా నిబంధనలే కాచుకుంటాయి.

ముందు ప్రవేశార్హత. ఇంటర్‌లో ఎంపీసీ, 45 శాతం మార్కులు, రిజర్వేషన్ ఉంటే 40. 2021లో ఏఐసీటీఈ వారికి ఇది కూడా ఎక్కువే అనిపించింది. 14 సబ్జెక్టుల జాబితా ఇచ్చి, ఇంజనీరింగ్‌కి అందులో ఏ మూడైనా చాలన్నారు. వ్యవసాయం, బిజినెస్ స్టడీస్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. లెక్కలు చదవనివాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టుకోవచ్చన్నారు. లెక్కలు రానివాడు కట్టిన బ్రిడ్జి ఎవరు ఎక్కుతారని గోల లేచేసరికి సర్దుకున్నారు.

ఇక పట్టాకి కావలసినవి. నాలుగేళ్లలో 160 క్రెడిట్లు సంపాదించాలి. ఈ సంపాదనలో కూలిరేట్లు తెలుసుకోవడం ముఖ్యం. సెమిస్టరంతా వారానికో గంట కూర్చుని పాఠం వింటే ఒక క్రెడిట్. వారానికో గంట నిలబడి చేత్తో పని చేస్తే అర క్రెడిట్. అంటే చెవికి నిండు కూలి, చేతికి సగం కూలి. యంత్రాల చదువులో చేతికి మనవాళ్లు కట్టిన ధర అది. పర్యావరణం, రాజ్యాంగం కూడా చదివి తీరాలి గానీ వాటికి సున్నా క్రెడిట్లు. వెలకట్టలేనివని కాబోలు.

సగం కూలికి చేసే ఆ పనైనా ఎలా జరుగుతుందో చూద్దాం. మొదటి ఏడాది వర్క్‌షాపు, ఫిట్టింగ్ సెక్షన్. రెండు మైల్డ్ స్టీలు ముక్కలు ఇస్తారు. ఒకదానికి ‘వి’ ఆకారంలో గాడి తియ్యాలి, రెండోదాన్ని అందులో కూర్చునేలా ముక్కు చెయ్యాలి. వైస్‌లో బిగించి, హ్యాక్‌సాతో కోసి, ఆకురాయితో రుద్ది, రెండూ జతచేసి కిటికీ వైపు ఎత్తి చూడాలి. సందులోంచి వెలుతురు కనిపించకూడదు. అరచేతులు బొబ్బలెక్కే పని. అందుకని తెలివైన కుర్రాడు సీనియర్ దగ్గర పోయినేడు జత అడిగి తెచ్చుకుని, తుప్పు గీకి, పాత రోల్ నంబరు రుద్దేసి తన నంబరు కొట్టుకుంటాడు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ దాన్ని వెలుతురుకి పట్టి “గుడ్ ఫినిష్” అంటారు. అన్నిసార్లు పరీక్షకి కూర్చున్న ఆ ఇనుపముక్కకి ఈపాటికి పీహెచ్‌డీ ఇవ్వాల్సింది.

ఆకురాయి పట్టడం నిజంగా వచ్చిన పిల్లలూ ఉన్నారు, పాలిటెక్నిక్ డిప్లొమా వాళ్లు. వాళ్లు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరతారు. వర్క్‌షాపు మొదటి ఏడాదితోనే అయిపోతుంది.

అలాగని చేతికి బొత్తిగా పనిలేదనుకోకండి. రికార్డులు రాయాలి. ఎడమ పేజీలో పెన్సిల్ బొమ్మ, కుడి పేజీలో ఉద్దేశం, పనిముట్లు, విధానం, జాగ్రత్తలు, ఫలితం. ‘కావలసిన వి-ఫిట్ తయారైనది’ అని క్లాసంతా ఒకే వాక్యం. పక్కన ఎర్రసిరా సంతకం. చేతివేళ్లు నిజంగా కాయలు కాసేది ఇక్కడే.

హాజరు 75 శాతం ఉండాలి. తగ్గినా 65 దాకా డాక్టర్ సర్టిఫికెట్, రుసుము రసీదు జతచేస్తే క్షమిస్తారు. అందుకే సెమిస్టర్ చివర్లో హాస్టల్ మొత్తానికి పాత తేదీతో టైఫాయిడ్ వస్తుంది.

మెషీన్ డిజైన్ పరీక్షకి డేటాబుక్, థర్మల్ పరీక్షకి స్టీమ్ టేబుల్స్ లోపలికి తీసుకెళ్లనిస్తారు. ఇంజనీరుకి అంకెలు కంఠతా రానక్కర్లేదు, వాడడం తెలిస్తే చాలునన్న మంచి ఆలోచన అది. మనవాళ్లు ఆ ఆలోచనని గౌరవించి, వాడే విధానం కూడా మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకుని వెళతారు. చివరి ఏడాది ప్రాజెక్టుకైతే ఆ శ్రమా లేదు, కొంటే రెడీమేడ్‌గా దొరుకుతుంది, పీపీటీ ఉచితం.

మార్కులు శాతంలో కావాలంటే హైదరాబాద్ జేఎన్‌టీయూ సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. కోతపడ్డ ఆ అర, చేతిపని తాలూకు అరేనని నా అనుమానం.

పట్టా వచ్చాక కుర్రాడు తిన్నగా అమీర్‌పేట బస్సెక్కి జావా కోచింగ్‌లో చేరతాడు. కంప్యూటర్ సైన్స్ సీటు రాని పాపానికి నాలుగేళ్లు ఆగి, అదే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అదే సమయానికి విజయవాడ ఆటోనగర్‌లో పది తప్పిన కుర్రాడు గేర్‌బాక్స్ విప్పి, మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుంటూ ఉంటాడు. అతనికి క్రెడిట్లు లేవు. బండి మాత్రం కదులుతుంది.

లోపం కుర్రాళ్లది కాదు. ఏ పనికి ఎంత కూలి ఇస్తామో ఆ పని అంతే చేస్తారు. కాబట్టి పెద్దలకు నా మనవి చిన్నదే. గంట పాఠానికి ఇచ్చే క్రెడిట్టే గంట చేతిపనికీ ఇవ్వండి. ఆఖరి వైవాలో ఒక పాత పంపుసెట్టు విప్పి బల్లమీద పరిచి, బిగించమనండి. నీళ్లు పోస్తే పాసు.

తల్లిదండ్రులకు ఇంకో మాట. సీటు ఖాయం చేసుకునే ముందు కాలేజీలో ప్లేస్‌మెంట్ బ్రోచర్ పక్కన పెట్టి వర్క్‌షాపు చూపించమనండి. తనిఖీ బృందం కోసం రంగు వేసిన ల్యాత్ నిగనిగలాడుతూ కనిపిస్తుంది. దాన్ని ఆన్ చెయ్యమనండి. తిరిగితేనే ఫీజు కట్టండి.