నడిగడ్డ ఓపెన్

గోల్ఫ్‌లో ఎక్కువ కొట్టినవాడు ఓడిపోతాడు. ఒక్కో గుంతలో బంతి పడటానికి ఇన్ని దెబ్బలు చాలునని ముందే ఒక లెక్క కట్టి పెడతారు. దాని పేరు పార్. ఆ లెక్కకు ఎంత తక్కువలో పని కానిస్తే అంత మొనగాడు. 2025 అక్టోబరులో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో డీపీ వరల్డ్ ఇండియా చాంపియన్‌షిప్ జరిగింది. ఇంగ్లండ్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్ నాలుగు రోజుల్లో పార్‌కు 22 తక్కువతో ముగించి కప్పు పట్టుకుపోయాడు. రోరీ మెకిల్‌రాయ్ లాంటి మహామహులు దిగిన టోర్నీ అది. ప్రైజ్ మనీ మొత్తం 40 లక్షల డాలర్లు. దేశంలో గోల్ఫ్ దశ తిరిగిపోయిందని అందరూ చెప్పుకున్నారు.

ఇరవై రెండు తక్కువకే ఇంత సంబరమా? ఒకసారి మా పాలమూరు వైపు రండి. రాజోలిబండ ఆనకట్ట కింద మా అలంపూర్, గద్వాల ప్రాంతానికి 87,500 ఎకరాలు పారాలని కాగితం మీద పార్ రాసి పెట్టారు. కాలువ చివరి ఊళ్ల రైతును అడగండి, అందులో ఎంత తక్కువకు ఆట ముగుస్తోందో చెబుతాడు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పార్ ఇంకా ఘనమైనది, 12 లక్షల 30 వేల ఎకరాలు. 2015లో శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర మొదటి మోటారు స్విచ్చి నొక్కారు, కెమెరాల ముందు కృష్ణమ్మ పైకి దూకింది. పొలాల దాకా కాలువలు తవ్వే పని మాత్రం మిగిలిపోయింది. ఫ్లీట్‌వుడ్‌కు అంత తక్కువ స్కోరు కలలోకైనా వస్తుందా? ఏ జెండా కిందున్న ప్రభుత్వమైనా మా జిల్లాల్లో అండర్ పార్ తప్ప ఇంకోటి ఆడి ఎరగదు.

అందుకే సర్కారువారికి నాదొక మనవి. ప్రపంచస్థాయి గోల్ఫ్ టోర్నీ ఎక్కడ పెట్టాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలనూ కలిపి కోర్సుగా ప్రకటించండి. పేరు నేనే పెట్టేశాను, నడిగడ్డ ఓపెన్. నడిగడ్డ అంటే గద్వాల, అలంపూర్ ప్రాంతమే కదా, వనపర్తి, నాగర్‌కర్నూల్ అందులో ఎక్కడున్నాయని సణిగేవాళ్లు ఉంటారు. ప్రపంచ పటం మీదికి ఎక్కేటప్పుడు జిల్లా హద్దులు చూస్తారా?

ఆ ప్రపంచ పటం గురించి కొంచెం చెప్పుకోవాలి. ఒక ఊరు ప్రపంచ పటం మీదికి ఎక్కాలంటే బయటి దేశాల నుంచి పేరున్నవాళ్లు వచ్చి నాలుగు రోజులు ఆడి పోవాలట. ఊరివాళ్లు ఆడనక్కర్లేదు, వాళ్లు తాళ్ల అవతల నిలబడి చప్పట్లు కొడితే చాలు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ ఇలాగే పటం ఎక్కింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా–ఈ కార్లు తిరిగాయి. దానివల్ల నగరానికి దాదాపు ఏడు వందల కోట్ల మేలు జరిగిందని లెక్కలు చూపించారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది, ఆ తర్వాత దాని డబ్బుల మీద ఏసీబీ కేసు పడింది. ఏడు వందల కోట్లు ఎవరి జేబులోకి వెళ్లాయో గానీ, ఆ పూట ట్యాంక్‌బండ్ దగ్గర దారులు మూసేస్తే తిరిగి తిరిగి ఇల్లు చేరిన ఆటోవాలాకు ఆ మేలులో చుట్టుతిరుగుడు పెట్రోలు ఖర్చు మాత్రం ముట్టింది.

మా పాలమూరుకూ ఒక రోజు ఆ యోగం పట్టింది. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీదారులు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చూడటానికి వచ్చారు. ఎన్నో వందల ఏళ్లుగా అక్కడే నిలబడి ఉన్న మర్రిచెట్టుకు ఆ రోజుతో అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు రామప్ప దగ్గర మన ఆడవాళ్ల చేత ఆ సుందరీమణుల కాళ్లు కడిగించారని పెద్ద గోల జరిగింది. అతిథి మర్యాద అన్నారు. మర్యాదే కాదనను. కాకపోతే ప్రపంచస్థాయి పోటీల్లో మనకు ఏ ఉద్యోగం ఇస్తారో అక్కడ తెలిసిపోయింది.

గోల్ఫ్‌లో ఆ ఉద్యోగం పేరు కేడీ. దాని సంగతి తర్వాత. ముందు కోర్సు చూద్దాం.

మామూలుగా గోల్ఫ్ కోర్సు కట్టాలంటే కోట్లు పోసి అడ్డంకులు తయారు చెయ్యాలి. మా దగ్గర అవన్నీ రెడీమేడ్. ఇసుక గుంతలు కావాలా? తుంగభద్ర ఒడ్డున లారీలు తోడిపోసి వదిలేసినవి ఉన్నాయి, బంతి పడితే ఆటగాడు కూడా బయటికి రాలేడు. పొదలు కావాలా? ఢిల్లీలో దారికి అటూ ఇటూ ఉన్న పొదలకు జడిసి మెకిల్‌రాయ్ తన పెద్ద కర్రను సంచిలోంచి బయటికే తియ్యనన్నాడు. ఆయన మా సర్కారు తుమ్మ ఇంకా చూడలేదు. కోర్సు డిజైనరు రానక్కర్లేకుండా చెరువు శిఖం నుంచి స్కూలు గ్రౌండు దాకా తనంతట తానే పరుచుకుంది. ముళ్లతో సహా ఉచితం.

నీటి అడ్డంకుల దగ్గర మాత్రం ఎవరూ మాతో పోటీ పడలేరు. 2020 అక్టోబరులో ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌస్ మునిగింది. 2024 సెప్టెంబరులో వట్టెం పంపుహౌస్ మునిగింది. నీళ్లను పైకి తోడాల్సిన మోటార్లే నీళ్ల కింద కూర్చున్నాయి. బంతిని నీళ్లలో పారేసుకున్న గోల్ఫర్‌కు ఒక దెబ్బ శిక్ష వేస్తారు. పంపుహౌస్‌నే నీళ్లలో పారేసుకున్నవాళ్లకు ఏ శిక్ష వెయ్యాలో ఆ ఆట నిబంధనల్లో ఉన్నట్టు లేదు. మా దగ్గరా లేదు.

క్లబ్ హౌస్‌కు వనపర్తి రాజావారి ప్యాలెస్ అనుకున్నాను. గోల్ఫ్ క్లబ్బులకు పాత రాజసం అంటే మహా మోజు కదా, హైదరాబాద్ గోల్ఫ్ కోర్సు చూడండి, గోల్కొండ నయాఖిల్లా గోడల మధ్యే కొలువు తీరింది. అయితే వనపర్తివాళ్లు ఒక తెలివితక్కువ పని చేశారు. 1959లోనే ఆ ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టారు. గ్రామాల పిల్లలు వచ్చి డిప్లొమాలు చదువుకుపోయారు. అంత పెద్ద బంగళాలో చదువులా! ఇప్పుడైతే హెరిటేజ్ రిసార్టు అయ్యేది, గదికి రాత్రికి ఇంతని అద్దె పెట్టేవాళ్లు, వనపర్తి ఏనాడో పటం ఎక్కేసేది.

ఇక భూమి. పద్దెనిమిది గుంతల కోర్సుకు నూరు, నూట యాభై ఎకరాలు తక్కువ కాకుండా కావాలి. దాని మీద పచ్చిక ఎండాకాలంలోనూ పచ్చగా ఉండాలి. అంటే ఏప్రిల్లో మా బోర్లన్నీ గాలి కక్కుతుంటే అక్కడ స్ప్రింక్లర్లు తిరుగుతూ ఉండాలి. ఇది కుదిరే పనేనా అంటే, హైదరాబాద్‌లో కుదిరింది. 2000ల మొదట్లో ఏపీఐఐసీ, దుబాయ్ ఎమ్మార్ కంపెనీ కలిసి మణికొండ దగ్గర 535 ఎకరాల్లో ప్రాజెక్టు పెట్టాయి. అందులో 235 ఎకరాలు గోల్ఫ్‌కే, 66 ఏళ్ల లీజుకు. ప్రపంచస్థాయి నగరానికి గోల్ఫ్ లేకపోతే ఎలా అన్నారు. గోల్ఫ్ పక్కనే విల్లాల ప్లాట్లు మొలిచాయి, వాటి అమ్మకాల మీద ఆరోపణలు మొలిచాయి, 2011లో హైకోర్టు చెప్పగా సీబీఐ దర్యాప్తుకు దిగింది. ఆటలో బంతి ఎటు పోయినా, ఆటపేరుతో భూమి ఎటు పోతుందో కళ్లారా చూసినవాళ్లం. అయినా ఎక్కడైనా గోల్ఫ్ కోర్సు అనగానే ఉద్యోగాలు, పెట్టుబడులు, పర్యాటకం అని ఇప్పటికీ అదే పాట. పది మంది కోటీశ్వరులు పచ్చిక మీద బంతి కొడుతుంటే వాళ్ల వెనకే ఫ్యాక్టరీలు నడుచుకుంటూ వస్తాయన్నమాట!

గద్వాల పాత బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతూ ఒక సీడ్ పత్తి రైతుకు ఈ ఆట గురించి చెప్పాను. అన్నీ ఓపిగ్గా విన్నాడు గానీ, 'కట్' అన్న దగ్గర చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఆ నియమం ఏంటంటే, రెండు రోజుల ఆట అయ్యాక ఒక గీత గీస్తారు. గీతకు అటున్నవాళ్లు మిగతా రెండు రోజులు ఆడి డబ్బు పంచుకుంటారు. ఇటున్న సగం మంది దారిఖర్చులు కూడా రాకుండా ఇంటికి పోతారు.

"అంటే జీవోటీ ఫెయిలన్నట్టు గదా సారూ" అన్నాడాయన.

ఇంత చక్కగా గోల్ఫ్‌ను ఎవరూ వివరించి ఉండరు. నడిగడ్డ సీడ్ పత్తికి పెట్టింది పేరు. ఆర్గనైజర్ విత్తనం ఇస్తాడు, పెట్టుబడికి అప్పు ఇస్తాడు, మిత్తి రాసుకుంటాడు. సాయంత్రం ఆడచెట్టు మొగ్గలు ఒలవాలి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకూ పుప్పొడి రాయాలి. దాన్నే క్రాసింగ్ అంటారు. ఎకరానికి ఎందరు కూలీలైనా చాలరు, ఇంటిల్లిపాదీ వంగిన నడుము ఎత్తకుండా వారాల తరబడి చేస్తారు. చివరికి విత్తనం శాంపిల్, స్వచ్ఛత తేల్చే జీవోటీ పరీక్షకు పోతుంది. పాసయితే ప్యాకెట్ లెక్కన ధర. ఫెయిలయితే గీతకు ఇటు. ఒక్కటే తేడా, కట్‌లో పోయిన గోల్ఫర్ మరో దేశంలో మరో టోర్నీకి విమానం ఎక్కుతాడు. మా వాడు మళ్లీ అదే ఆర్గనైజర్ గడప ఎక్కుతాడు, పాత మిత్తి మీద కొత్త మిత్తి రాయించుకోవడానికి. పెద్ద ఆటగాళ్లకైతే గెలుపోటములతో పని లేకుండా, వచ్చినందుకే విడిగా డబ్బులిచ్చే ఆనవాయితీ ఉంది అని చెబితే ఆ రైతు నమ్మలేదు. "వచ్చినందుకే ఇస్తారా? మరి ఆడుడెందుకు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

కేడీ సంగతి చెబుతానన్నాను కదా. ఆటగాడి సంచి మోసేవాడు కేడీ. పద్నాలుగు కర్రల దాకా ఉన్న సంచిని భుజాన వేసుకుని మైళ్లకు మైళ్లు నడుస్తాడు, ఇసుకలో పడ్డ అడుగులు చదును చేస్తాడు, గాలి ఎటు వీస్తోందో చెబుతాడు. బంతి మాత్రం కొట్టకూడదు. ఇక్కడ మేం ఎవరికీ తీసిపోం. దేశంలో పెద్ద పెద్ద డ్యాములు కట్టిన చోటల్లా పాలమూరు లేబర్ అన్న మాట వినిపించింది. గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టగానే మూట సర్దుకుని, ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లకు పిల్లల్ని అప్పజెప్పి బొంబాయి, పూణె బస్సెక్కిన తరాలు ఉన్నాయి ఇక్కడ. ఎవరి నీళ్లకో మట్టి మోశారు, ఎవరి మెట్రోకో ఇసుక మోశారు. అంతర్జాతీయ అనుభవమున్న కేడీలు కావాలంటే ఇంతకంటే ఎవరు దొరుకుతారు?

కేడీ ఆడలేడనుకునేరు. 1964 నుంచి ఇండియన్ ఓపెన్ జరుగుతోంటే, దాన్ని గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్. 1991లో గెలిచాడు, 1993లో మళ్లీ గెలిచాడు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో సంచులు మోసి ఆట నేర్చినవాడు. క్లబ్బు సభ్యుల్లో ఐఏఎస్‌లు, సేటులు, జనరల్స్ అందరూ దశాబ్దాలుగా ఆడుతున్నా, ఆ కప్పు రెండుసార్లు సంచి మోసినవాడి చేతికే వచ్చింది. కాబట్టి నడిగడ్డ ఓపెన్‌లో ఒక చిన్న సవరణ సూచిస్తున్నాను. మూడో రోజు నుంచి కేడీలు కొడతారు, మహామహులు సంచి మోస్తారు. స్పాన్సర్లు ఒప్పుకోకపోతే టోర్నీయే వద్దు, మాకు ఆల్రెడీ ఒకటి ఉంది.

ఉంది నిజంగానే. జాతర్ల సీజన్‌లో నడిగడ్డ ఊళ్లలో బండలాగుడు చూడండి. కర్నూలు, నంద్యాల నుంచి, అటు రాయచూరు వైపు నుంచి ఒంగోలు ఎడ్లు లారీల్లో వస్తాయి, కింద మెత్తగా గడ్డి పరుచుకుని, ఉలవలు వెంట తెచ్చుకుని. వాటికి పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు. పెద్దోళ్ల సిఫార్సు పనిచెయ్యదు, నోరు తెరిచి పళ్లు చూసి విభాగం తేలుస్తారు. విజిల్ పడగానే గడియారం మొదలు. టైమ్ అయ్యేసరికి బండ ఎక్కడ ఆగిందో అక్కడ ముగ్గురు టేపు పట్టుకుని పరుగెత్తి అడుగులు, అంగుళాలు చదువుతారు. మైకులో ఎడ్ల పేరు, ఆసామి పేరు, ఊరి పేరు మోగుతుంది. చూడటానికి టికెట్ లేదు. ట్రాక్టరు మీద, వేపచెట్టు మీద, బడి ప్రహరీ మీద ఎక్కడ చోటుంటే అక్కడ జనం. ఇదేదో పవిత్రమైన ఆట అని నేననను, చర్నాకోల దెబ్బ ఎడ్ల వీపు మీదే పడుతుంది, ఎడ్లను ఎవరూ అడిగి తీసుకురారు, దాని మీద కోర్టుల దాకా పోయిన గొడవలూ ఉన్నాయి. కాకపోతే ఎక్కువ లాగినవాళ్లే ఇక్కడ గెలుస్తారు. పెద్దల ప్రసంగాలు బండ కదలకముందే ముగించేయాలి, లేకపోతే జనం ఊరుకోరు.

దీన్ని ప్రపంచ పటం మీద పెడదామని ఎవరైనా కన్సల్టెంటు వస్తే కమిటీవాళ్లు మంచిగానే కూర్చోబెడతారు. మజ్జిగ ఇస్తారు. ఎంట్రీ ఫీజు కట్టమంటారు. ఏ విభాగమో తేల్చడానికి నోరు తెరవమంటారు.