ఫౌస్టీనా నామ వ్యాఖ్య: ముత్తుకూరు పిల్లికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ కోలాచల మల్లినాథసూరి ఒక ఒట్టు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. మెదక్ సీమలోని కొల్చారం నుంచి వచ్చిన ఆ మహాపండితుడి బాటలోనే ప్రస్తుత వ్యాఖ్యాత కూడా నడవదలిచాడు. ఒట్టులో మొదటి సగానికి పూర్తిగా కట్టుబడతాడు. రెండో సగం మాత్రం కష్టం. వ్యాఖ్యానించవలసింది పిల్లి పేరు కాబట్టి, అక్కర్లేనిది ఏదో, అక్కరకొచ్చేది ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

పిల్లికి టీకా ఏమిటని అడిగేవారికి స్థానికమైన జవాబు ఒకటుంది. మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం అనే వరసకు తెలుగు చదువరిని తరతరాలుగా అలవాటు చేసింది 1854లో మద్రాసులో వెలసిన వావిళ్ల వారి ముద్రణాలయం. ఆ ఇంటిపేరులోని వావిళ్ల నెల్లూరు జిల్లా ఊరే. ఆ జిల్లాలో పుట్టిన పిల్లికి టీక మీద కొంత జన్మహక్కు ఉంటుంది.

మూలం

“ఏమ్మే పోస్టీనా, యాడుండావు? కానాగంత తలకాయ తీసిపెట్టుండా, రా!”

సందర్భం

స్థలం ముత్తుకూరు. ఒక పక్క కృష్ణపట్నం రేవు, చుట్టూ వనామీ రొయ్యల చెరువులు, ఊళ్లో 1991 నుంచి నడుస్తున్న మత్స్యశాస్త్ర కళాశాల. ఇలాంటి ఊళ్లో పిల్లికి తిండి కరువు రాదు. కరువల్లా పేరుకే. తెలుగిళ్లలో ఆవుకు పేరుంటుంది, కుక్కకు పేరుంటుంది, పిల్లి మాత్రం బతికినన్నాళ్లూ పిల్లే. తెనాలి రామలింగడి కథలో పాలగిన్నె చూసి పారిపోయిన పిల్లి ఊరూరా ప్రసిద్ధమే, దానికీ పేరు లేదు. సామెతల్లో ఉట్టిని శపించే పిల్లీ, కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లీ అనామకంగానే బతుకుతున్నాయి.

ఈ మూలంలో మాట్లాడేది అవ్వ. పేరు పెట్టింది మనవరాలు. ఆ పిల్ల గ్రూప్స్ పరీక్షలకు చదువుతోంది, శాతవాహనుల నాటి రోమన్ వర్తకం అధ్యాయంలో ఉంది. చేపల మార్కెట్ వెనక దొరికిన ఆడకూనకు రోమన్ పేరే పెడతానని పట్టుబట్టింది. ఇంట్లో తలా ఒక సూచన చేశారు, అవి కింద పూర్వపక్షంలో వస్తాయి.

ప్రతిపదార్థం

ఏమ్మే = ఓసీ (నెల్లూరు వైపు ఆడవాళ్లను చనువుగా పిలిచే పిలుపు, కోపానికీ ముద్దుకూ ఒకటే మాట); పోస్టీనా = ఫౌస్టీనా అనే రోమన్ మహారాణి పేరు గలదానా; యాడుండావు = ఎక్కడున్నావు (అటక మీద ఉందని తెలిసే అడగడం); కానాగంత తలకాయ = పులుసులో వేయకముందే వేరు చేసిన చేప తల (ఉప్పూ కారం తగలనిదని భావం); తీసిపెట్టుండా = ఇంట్లో ఎవరి కంటా పడకుండా దాచి ఉంచాను; రా = రమ్ము (ఇది ఆజ్ఞ కాదు, ప్రార్థన. పిల్లి విషయంలో ఆజ్ఞలు చెల్లవు).

పాఠాంతరాలు: ‘ఫౌస్టీనా’ అని మనవరాలి పాఠం. ‘పోస్టీనా’ అని అవ్వ పాఠం. ‘పోస్టమ్మ’ అని పక్కింటి పాఠం. పిల్లి మూడింటికీ పలకదు, చేప వాసనకు పలుకుతుంది.

పూర్వపక్షం

సీజర్ అని పెట్టవచ్చు కదా అంటే, కూడదు. తెలుగు నాట ఆ పేరు చాలాకాలంగా కుక్కల సొత్తు. వీధిలో నిలబడి ‘సీజర్’ అని కేకేస్తే పిల్లి రాదు, దాని శత్రువులు వస్తాయి. పైగా ఆ పేరు మీద మొదటి హక్కు రోములోని పిల్లులది. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ను పొడిచి చంపిన చోటు ఇప్పటి లార్గో ది తోర్రె అర్జెంతీనా శిథిలాల్లో ఉంది. 1920ల చివర తవ్వకాలతో బయటపడ్డ ఆ గుంతలోకి నగరపు పిల్లులు చేరాయి. 1990ల నుంచి అక్కడ వాటికి ఆశ్రమమే నడుస్తోంది. నియంత పడిపోయిన చోట అవి ఎండకు పొర్లుతుంటాయి.

నీరో అనడం రెండో పక్షం. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడని తెలుగు పత్రికలు ఏటా ఏదో ఒక మంత్రిని తిట్టడానికి గుర్తు చేస్తూనే ఉంటాయి. బియ్యం బస్తాలో ఎలుక దూరినా కదలక నిద్రపోయే పిల్లికి ఇది సార్థక నామమే. అయితే క్రీ.శ. 64లో ఆ మంటలు లేచినప్పుడు నీరో ఆంటియంలో ఉన్నాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఫిడేలు అప్పటికి పుట్టనే లేదు. నిరపరాధి మీద మోపిన నిందను మరో నిరపరాధికి పేరుగా అంటగట్టడం ధర్మం కాదు. పిల్లి నిరపరాధా అన్నది వేరే విచారం.

ఆగస్టస్ అనడం మూడో పక్షం. దీనికి భారతదేశంతో బంధుత్వం ఉంది. ఆగస్టస్ సామోస్ దీవిలో ఉన్నప్పుడు మన దేశపు రాయబారులు కానుకగా పులులను తెచ్చారని, రోమన్లు పులిని చూడడం అదే మొదలని కాసియస్ డియో చెప్పాడు. అంటే ఆ చక్రవర్తికి మనం పంపింది పెద్దపిల్లి. ఇప్పుడు అదే పేరును కానాగంత తలకాయకు ఆశపడే చిన్నపిల్లికి తగిలిస్తే పాత కానుక విలువ పడిపోతుంది. అదీ గాక కూన ఆడది.

సిద్ధాంతం

కనుక పేరును సినిమాల్లోంచో ఫిడేలు కథల్లోంచో అరువు తేనక్కర్లేదు. నెల్లూరు నేల తన రోమన్ పేర్ల జాబితాను తానే బయటపెట్టింది.

1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతిగుట్ట పక్కన దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం అడ్డుపడింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కుంపటిలో కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి సంపాదించాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఈ కథంతా ఉత్తరంగా రాస్తే, అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ రెండో సంపుటంలో 1790లో అచ్చయింది. నాణేల మీది ముఖాలు ట్రాజన్‌వి, హడ్రియన్‌వి, ఫౌస్టీనావి.

ఆ ఉత్తరంలో వ్యాఖ్యాతకు ఉపయోగపడే వాక్యం ఒకటుంది. మొత్తం రాశిలోంచి రెండు నాణేలు ఏరుకోమని గవర్నరుకు అవకాశం ఇచ్చారు. ఆయన ఒక హడ్రియన్‌నూ ఒక ఫౌస్టీనానూ ఏరుకున్నాడు. ముత్తుకూరు మనవరాలు చేసిన ఎంపిక రెండు వందల ఏళ్ల కిందటే గవర్నరు స్థాయిలో ఒకసారి జరిగిందన్నమాట. చాలా నాణేలు టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టు మెరుస్తున్నాయనీ, కొన్నింటికి మాత్రం చిల్లులున్నాయనీ, వాటిని దండకో మెడకో నగలుగా కట్టుకుని ఉంటారనీ డేవిడ్‌సన్ ఊహించాడు. నెల్లూరు వాళ్లు రోమన్ రాణులను మెడలో వేసుకుని తిరిగిన కాలం ఒకటుండవచ్చు. ఇప్పుడు ఒక రాణి ఒళ్లో కూర్చుంటే తప్పేముంది?

శంక: ఫౌస్టీనాలు ఇద్దరు కదా, ఏ ఫౌస్టీనా?

సమాధానం: ఇద్దరూ తల్లీకూతుళ్లు. తల్లి ఆంటొనైనస్ పయస్ భార్య. ఆమె పోయాక రోమన్లు దేవతను చేసి, క్రీ.శ. 141లో రోమ్ నడిబొడ్డున గుడి మొదలుపెట్టారు. ఆ గుడి స్తంభాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, లోపల చర్చి వెలసింది. కూతురు మార్కస్ ఆరీలియస్ భార్య. కనీసం 14 మంది పిల్లలను కన్నది, సైన్యంతో పాటు తిరిగి ‘శిబిరాల తల్లి’ అనే బిరుదు పొందింది. పూజ అందుకోవడమే పిల్లి స్వభావమని నమ్మేవారు తల్లి ఫౌస్టీనా పక్షం వహిస్తారు. అటక మీద అట్టపెట్టెలో ఈ పిల్లి మొన్న మూడు కూనలను పెట్టింది కాబట్టి వ్యాఖ్యాత కూతురి పక్షం.

శాస్త్ర ప్రమాణం

పెంపుడు జంతువుకు పేరు ఎలా ఉండాలో రోమన్లే సూత్రం చేశారు. ఒకటో శతాబ్దపు వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా కుక్కల పేర్లు మరీ పొడుగ్గా ఉండకూడదని, అలాగని రెండు అక్షరాలకు తగ్గకూడదని నియమం పెట్టి ఫెరోక్స్, లూపా, టిగ్రిస్ వంటి ఉదాహరణలిచ్చాడు. పిలవగానే చెవిన పడాలని ఆయన ఉద్దేశం. ఫౌస్టీనాలో మూడక్షరాలున్నాయి, సూత్రం కింద చెల్లుతుంది. అవ్వకు తొందరెక్కువైనప్పుడు అది ‘పోస్టీ’ అవుతుంది, అప్పుడు సూత్రానికి సరిగ్గా సరిపోతుంది.

రోమన్లు పిల్లులను గారాబంగా పెంచారా అనేవారికి బెరెనికే సాక్ష్యం. ఈజిప్టు ఎర్ర సముద్ర తీరంలోని ఆ రేవు నుంచే రోమన్ ఓడలు మన దేశానికి మిరియాల కోసం బయల్దేరేవి. అక్కడ ఒకటి, రెండు శతాబ్దాల నాటి పెంపుడు జంతువుల శ్మశానం బయటపడింది. పరిశోధకులు 585 జంతువుల అవశేషాలు లెక్కపెడితే 536 పిల్లులే. కొన్నింటి మెడలో ఇనుప పట్టీలు, కొన్నింటికి పూసలు. వాటి మధ్య కోతులూ ఉన్నాయి, అవి భారతదేశం నుంచి ఓడెక్కి వెళ్లిన జాతులవి. మన కోతి వాళ్ల పిల్లుల పక్కన పడుకున్నాక, వాళ్ల రాణి పేరు మన పిల్లికి రావడం బాకీ తీర్చుకోవడమే.

ఛందస్సు, అలంకారం

‘ఫౌస్టీనా’ మూడు గురువులు, మగణం. మగణానికి అధిదేవత భూమి, ఫలం సంపద అని లక్షణకర్తల మాట. ఈ పేరు నిజంగానే భూమిలోంచి, అదీ బంగారంతో పాటు వచ్చింది. గణఫలం ఇంత అక్షరాలా జరగడం కావ్యాల్లో అరుదు.

మూలంలో శ్లేష ధ్వనిస్తోంది. రోమన్లు చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం గారుమ్. అది తెచ్చిన జాడీల ముక్కలు పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికాయి. అవ్వ చేసేది గారం. రెండింటికీ ముడిసరుకు చేపే.

తాత్పర్యం

ఓ పిల్లీ, నీకు చక్రవర్తుల నాణెం మీది పేరు పెట్టారు, ఆ పేరు ఈ జిల్లా మట్టిలో ఎన్నో ఏళ్లు కుండలో దాగి ఉంది, నువ్వు కూడా దాక్కున్నది చాలు, చేప తల పాడవకముందే కిందికి దిగమని భావం.

విశేషాలు

మూడు కూనల నామకరణం మిగిలి ఉంది. నెల్లూరు కుండలో ఇంకా రెండు పేర్లున్నాయి. పెద్ద మగకూనకు ట్రాజన్ నిర్వివాదం. ఎప్పుడూ గడప దాటి తిరిగే రెండోదానికి హడ్రియన్ తగినది, ఏలుబడిలో సగానికి పైగా దేశాలు తిరిగిన చక్రవర్తి ఆయన. ఛందస్సు ప్రకారం ఆ పేరు రగణం, దాని ఫలం వినాశం. అది ఎలుకలకు వర్తిస్తుందని సమన్వయం చేసుకోవాలి.

మూడోదానికి పేరు నెల్లూరులో దొరకదు, వినుకొండ దాకా వెళ్లాలి. 1889లో అక్కడ దొరికిన 15 రోమన్ బంగారు నాణేల మీద టైబీరియస్ మొదలు కారకల్లా వరకు ముఖాలున్నాయి. మనవరాలు కారకల్లా వైపు మొగ్గుతోంది, పలకడానికి బాగుందట. ఆ చక్రవర్తి తమ్ముడు గేటాను చంపించినవాడు కాబట్టి, తోబుట్టువులున్న కూనకు ఆ పేరు వ్యాఖ్యాత ఒప్పుకోడు. ప్రస్తుతానికి టైబీరియస్ అని పెట్టి, ఒంటి కూన పుట్టే ఈతకు కారకల్లాను అట్టే పెట్టవచ్చు.