అగేట్ కోత పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం

నీట తడిపి చూడు నెర్రెలు గీతలు
రాయి మాట వినుము రంపమాపి
అడ్డమనును మామ, హా! నిలువను బావ
కోయు ముందు చూపు కోయవలయు

అవతారిక

కృష్ణా నది ఇసుకతో వచ్చిన అగేట్ గుండ్రాయి ఒకటి బెజవాడ గుణదలలో, ఏలూరు కాలువ పక్క వీధిలో ఒక ఇంటి అరుగెక్కింది. దోసిట్లో పట్టేంత రాయి. పైన మట్టిరంగు తొక్క. ఒక మూల పెచ్చు ఊడినచోట తేనెరంగు. దాన్ని గ్రానైట్ షాపుకి తీసుకెళ్ళి రెండుగా కోయించాలని ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీదికి వచ్చారు. ఎక్కడ కోయాలన్న ప్రశ్న రాగానే రాయి కంటే ముందు ఇల్లు రెండైంది. ఆ సందర్భంలో పుట్టినది ఈ ఆటవెలది. కవి ఎవరో తెలియదు. మామకూ బావకూ మధ్య కూర్చుని ఇద్దరి చేతా మాట పడినవాడని మాత్రం మూడో పాదం చెబుతోంది.

ప్రతిపదార్థం

నీటన్ = నీళ్ళలో, తడిపి = నానేలా ముంచి, నెర్రెలు = పగుళ్ళను, గీతలు = లోపలి పొరల జాడలను, చూడు = తిప్పి తిప్పి చూడు; రంపము + ఆపి = మెషిన్ స్విచ్ కట్టేసి, రాయి మాట = బరువుతోనూ తొక్కతోనూ రాయి చెప్పేదాన్ని, వినుము = ఆలకించు; మామ = మామయ్య, అడ్డము అనును = అడ్డంగా కోయమంటాడు; హా = అయ్యో; బావ = బావగారు, నిలువు అను = నిలువునా కోయమంటాడు; కోయు ముందు = కోత పెట్టే ముందే, చూపు = కన్ను, కోయవలయు = కోసి చూసుకోవాలి.

తాత్పర్యం

ఓ గృహస్థా! బంధువుల మాటకు కాక రాయి మాటకు చెవి ఒగ్గు. పగులు ఎటు పోయిందో, పొర ఎటు తిరిగిందో కనిపెట్టి, మనసులో ఒకసారి కోసి చూసుకున్నాకే బ్లేడు కింద పెట్టు.

విశేషాలు

1. రాయి వంశం. గుణదల మాత తిరునాళ్ళకు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో కొండెక్కే జనం కాళ్ళ కింద ఉండే రాయి ఇది కాదు. బెజవాడ కొండలు తూర్పు కనుమల పాత రాళ్ళు. వాటిలో అగేట్ పుట్టదు. ఇది పడమటి దేశస్థురాలు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ పీఠభూమి మీద లావా పారింది. అది గడ్డకట్టేటప్పుడు అందులోని గాలిబుడగలు గూళ్ళుగా మిగిలాయి. తర్వాత ఆ గూళ్ళలోకి సిలికా కలిసిన నీరు ఊరి, గోడ నుంచి లోపలికి పొర మీద పొరగా పేరుకుంది. చుట్టూ ఉన్న నల్లరాయి శిథిలమై మట్టి అయింది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో 7కి దగ్గరగా నిలిచే అగేట్ చెక్కుచెదరలేదు. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ, భీమశంకరంలో పుట్టి కృష్ణలో కలిసే భీమ ఆ నేల మీదుగానే వస్తాయి. సుమారు 1,400 కిలోమీటర్ల ప్రయాణం గల నది కాబట్టి రాయి గుండ్రబడింది. 1967లో నాగార్జునసాగర్ పూర్తయి దారి కట్టేసినా, అంతకు యుగాల ముందే దిగిన గులకరాయికి అడ్డేముంది?

2. నీట తడిపి. శుద్ధికోసం అని ఒక వ్యాఖ్యాత. అది నిలవదు. తడిసిన రాయి రంగు తేరి, లోపలి గీతలు పైకి కనిపిస్తాయన్నది మొదటి ప్రయోజనం. రెండోది ఇంకా ముఖ్యం: తడిపిన రాయిని ఆరనివ్వాలి. ఒళ్ళంతా ఆరినా పగులులో దూరిన నీరు ఆఖరున ఆరుతుంది. ఆ కాసేపూ నెర్రె నల్లని దారంలా కనిపిస్తుంది. అందుకే కవి "నెర్రెలు" ముందు వేసి "గీతలు" తర్వాత వేశాడు. యతి కోసమే వేశాడనేవారిని క్షమించాలి.

3. గీతలు. ఇవి రెండు జాతులు. గూడు గోడను అనుసరించి చుట్టుకునేవి మొదటివి. ఉల్లిపాయ పొరల్లాంటివి కనుక నడిమికి దగ్గరగా ఎటు కోసినా వలయాలు కనిపిస్తాయి. రెండోవి స్కేలు పెట్టి గీసినట్టు సమాంతరంగా ఉంటాయి. సిలికా అడుగున మట్టంగా పేరుకున్నప్పటి గుర్తులవి. పుట్టినప్పుడు రాయికి కింద ఏది, పైన ఏదో అవే చెబుతాయి. వాటికి లంబంగా కోస్తే గీతలన్నీ ముఖం మీదికి వస్తాయి. వాటితో సమాంతరంగా కోస్తే ఒకే పొర బయటపడి, అంత రాయీ ఒక్క రంగు పలకై కూర్చుంటుంది. కూలి మాత్రం రెండింటికీ ఒకటే. ఇక తొక్క మీద గుండ్రని కళ్ళు కనిపిస్తే రంపం దూరం పెట్టాలి. ఆ కన్ను పైపొరలోనే ఉంటుంది; లోతుగా కోస్తే పోతుంది. దాన్ని మెల్లగా అరగదీయడమే దారి.

4. రాయి మాట. రాయి మాట్లాడునా అని శంక. మాట్లాడును. నిండు అగేట్ తన అంత నీటి కంటే సుమారు 2.6 రెట్లు బరువు. నిండుగా నీళ్ళున్న గిన్నెలో రాయిని దింపి, పొర్లిన నీటిని తూచి, రాయి బరువుతో పోల్చాలి. లెక్క బాగా తగ్గితే లోపల గుల్ల ఉన్నట్టు. గుల్లలో స్ఫటికాల గుత్తి ఉండే అవకాశం ఉంది కనుక, అలాంటి రాయిని పలకలుగా తరగక రెండు చిప్పలుగా విడదీయడం మేలు.

5. అడ్డమా, నిలువా? ఇది పద్యానికి గుండెకాయ.

మామ పక్షం: అడ్డంగా కోస్తే పలకలు ఎక్కువ వస్తాయి. ఇంట్లో ఆడపిల్లలు ముగ్గురు. లాకెట్లు మూడు కావాలి.

బావ పక్షం: లావా పారిన దిక్కుకు బుడగ సాగుతుంది కనుక రాయి ఒకవైపు పొడుగు. ఆ పొడుగునా కోస్తే పెద్ద ముఖం వస్తుంది. షోకేసులో పెట్టవచ్చు.

సిద్ధాంతం: ఇద్దరూ రాయిని కాక తమ అవసరాన్ని చూశారు. ముందు చూడవలసింది నెర్రె. పగులుకు అడ్డంగా పలకలు తీస్తే ప్రతి పలకలోనూ అదే పగులు వస్తుంది. మెరుగుపెట్టేటప్పుడు ఒక్కొక్కటీ అక్కడే విరుగుతుంది. పగులు వెంటే కోస్తే నష్టం ఒక్క పలకతో సరి. పగులు లేకపోతే గీత తీర్పు చెబుతుంది. గీతా తెలియకపోతే నడుము మీద చెయ్యి వేయకూడదు: ఒక కొసన పలుచని చెక్క తీసి లోపల చూడాలి. కనిపించిన దాన్నిబట్టి రెండో కోత. బ్లేడు మందం మేరకు, అంటే కోతకు రెండు మూడు మిల్లీమీటర్లు, రాయి బురదై పోతుంది కనుక ఊరికే కోస్తూ పోవడమూ తగదు.

6. హా. పాదపూరణ కోసం వేసిన వ్యర్థపదమని కొందరు. కాదు. మామ మాట పూర్తయ్యాక, బావ నోరు తెరిచే ముందు ఇంటి యజమాని విడిచిన నిట్టూర్పు అది. ఈ మామ మేనమామా, పిల్లనిచ్చిన మామా అన్నదీ వివాదమే. ఎదురు చెప్పరానివాడన్నది ఉభయపక్ష సమ్మతం.

7. రంపమాపి. ఆపక ముందు అది ఏ రంపమో తెలియాలి. ఉక్కు పళ్ళు అగేట్‌ను గీరలేవు. అంచున వజ్రపు పొడి పట్టించిన బ్లేడు కావాలి. కంచికచర్ల దగ్గరి పరిటాల వజ్రాలకు పేరుపడ్డ చోటు. ఇప్పుడు బ్లేడుకు వేసేది యంత్రంలో చేసిన వజ్రమైనా, లొంగని అగేట్ పొగరును వజ్రమే అణచాలన్న న్యాయం మారలేదు. వజ్రపు బ్లేడు లేని కాలంలోనూ సిలికా జాతి రాయి మనవాళ్ళకు లొంగింది: 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపం తవ్వించినప్పుడు దొరికిన స్ఫటిక భరిణె సాక్షి. గరుకు పొడీ, నీళ్ళూ, ఓపికా ఉంటే చాలు.

నీళ్ళన్న మాట ఇక్కడ మళ్ళీ వస్తుంది. పొడిగా కోస్తే లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ పని చేసే కుటుంబాలను ఆ జబ్బు తీసింది. టైల్స్ కోసే చేతి మెషిన్‌తో గుండ్రాయిని కాలి కింద తొక్కిపట్టి కోయడం మరో మహాపాతకం. రాయి తిరిగితే బ్లేడు కాలి మీదికి వస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో కూర్చి దిమ్మగా చేసి, బిగించి, బ్లేడు మీద నీళ్ళు పడుతుండగా కోయించాలి.

8. పాఠభేదం. "కోయు, ముందుచూపు కోయవలయు" అని చదివి, ముందుచూపునే కోసెయ్యమని కవి అన్నాడనే వారున్నారు. తొందరపడి నడిమికి కోయించి, అంతా ఒకే రంగు చూసి ఇంటికి వచ్చినవారు ఈ పాఠం వారే.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివి రాయి తడిపినవారికి నెర్రె కనిపిస్తుంది. బరువు తూచినవారికి గుల్ల తెలుస్తుంది. కొస చెక్క తీసినవారికి రెండో అవకాశం దక్కుతుంది. షాపుకి వెళ్ళే ముందు కోత గీతను మార్కర్‌తో రాయి మీదే గీసుకోండి. మామనూ బావనూ ఇంట్లోనే ఉంచండి. కోసే కుర్రాడికి మాస్క్ ఇచ్చి, నీటి పైపు తిప్పాకే స్విచ్ వేయమనండి.