అలల తొట్టి

నేను తొట్టిని. హవాయి దీవుల్లోని హొనొలులులో, 1904 నుంచీ నడుస్తున్న వైకీకీ అక్వేరియంలో, పగడాల కొలనుకు పైన ఎత్తుమీద ఉంటాను. నిండడం, ఒక్కసారిగా ఖాళీ అవడం నా పని.

కింద నుంచి పంపు నెమ్మదిగా నీళ్లు తోడి పోస్తుంది. నాలో తలకిందులైన ‘యు’ ఆకారపు గొట్టం ఉంది. నీటిమట్టం దాని వంపు దాటగానే సైఫన్ పట్టుకుంటుంది, నీళ్లన్నీ ధడాలున కొలనులోకి దూకుతాయి. చివర్లో గొట్టంలోకి గాలి చొరబడితే ధార తెగుతుంది. మళ్లీ నిండుతాను. కదిలే భాగం నాలో ఒక్కటీ లేదు, అందుకే ఏళ్ల తరబడి పనిచేయగలను. ఇక్కడ డైరెక్టర్‌గా పనిచేసిన బ్రూస్ కార్ల్‌సన్ పేరుతోనే నాలాంటి తొట్లను పిలుస్తారు. ఆ పేరంటే నాకు ఇష్టం.

పసిఫిక్‌లోని వేరే దీవుల నుంచి తెచ్చిన అక్రోపోరా పగడాలు నా కింద పెరుగుతాయి. వేలెడంత ముక్కగా రాయికి అతికించినప్పుడు పగడానికి మామూలు పంపు ధార చాలు. కొమ్మలు వేసి గుబురయ్యాకే అసలు చిక్కు. బయటి కొమ్మలే నీటిని అడ్డుకుంటాయి. లోపల మడ్డి పేరుకుంటుంది, ఆక్సిజన్ తగ్గుతుంది, అడుగున కణజాలం ఊడి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది. ధార జోరు పెంచితే ఎదురుగా ఉన్న కొమ్మలు దెబ్బతింటాయి గానీ నీరు లోపలికి చేరదు. నేను దూకితే కొలను మొత్తం ఒకవైపు ఊగి వెనక్కి మళ్లుతుంది. గుబురు లోపలి మడ్డిని కదిలించేది ఆ వెనక్కి లాగుడే.

కొలను నమూనా గీసేవాళ్లు ముక్కను కాక, పెరిగిన పగడాన్ని ఊహించుకోవాలి. రాళ్లు తక్కువ పేర్చి ఖాళీ ఎక్కువ వదలాలి. గెలాక్సియా అనే పగడం పక్కన అయితే ఇంకా దూరం కావాలి, రాత్రిళ్లు అది పొడవాటి కుట్టే మీసాలు చాచి పొరుగువాళ్లను కాలుస్తుంది.

ఇక్కడి నీటి కథ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఉప్పునీటి బావి నుంచి వచ్చే ఈ నీటిలో నత్రజని, భాస్వరం లవణాలు ఎక్కువ, పీహెచ్ తక్కువ. పుస్తకాల లెక్కన పగడాలకు ఇది పనికిరాని నీరు. అయినా 57 జాతులు ఇందులో బతికి పెరిగాయని పరిశోధకులు మార్లిన్ అట్కిన్సన్, కార్ల్‌సన్, జెరాల్డ్ క్రో 1995లో రాశారు. కొత్త నీరు ఆగకుండా వస్తుంటే, పగడాలు వాడుకున్న కాల్షియం మళ్లీ సమకూరుతూ ఉంటుంది. బయటి నీరు రాని ఇంటి అక్వేరియంలో ఆ వసతి ఉండదు. లీటరుకు 420 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియాన్ని నిలపాలి, క్షారతనూ చూసుకోవాలి. పగడం పెద్దదయ్యేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది.

నన్ను పెట్టాలనుకునేవాళ్లు నా బరువు కూడా చూడాలి. 200 లీటర్ల నీళ్లే 200 కిలోలు దాటుతాయి. అవన్నీ ఒక్కసారి దూకితే కొలను అంచు పొర్లకుండా పైన ఖాళీ వదలాలి. సైఫన్ ఎప్పుడైనా పట్టుకోకపోతే నీరు తిరిగి కొలనులోకే పోయేలా నా పక్కన ఇంకో గొట్టం తప్పదు.