కడలి వోలె గడువు: ఒక హాల్‌టికెట్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
వార వార మొక్క పాఠమున్ పంపుచున్
గడువు పెట్టునయ్య కడలి వోలె
చదువుకొనెడి వేళ సంద్రమ్ము పొంగిన
నెట్టు పోవునయ్యొ నిజముగాను

అవతారిక: ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. కాకినాడలో రాసిన ఒక పరీక్ష హాల్‌టికెట్ వెనక నల్ల బాల్‌పెన్నుతో ఉంది. కవి పేరు లేదు. దస్తూరీ మాత్రం నాదే. ఆయన అజ్ఞాతంగా ఉండదలిచాడు కాబట్టి నేను ఇబ్బంది పెట్టను. దేశం ఉప్పాడ, వృత్తి జాందానీ నేత, వయసు యాభై ఒకటి, చదువు ఇంటర్ తెలుగు మీడియం, అందులో లెక్కల పేపరొకటి ఈనాటికీ బాకీ. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని కాళిదాసు కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడట. నేను అలాంటి ఒట్లేమీ పెట్టుకోలేదు.

సందర్భం ఏమంటే, కవి 'స్వయం' అనే సర్కారు ఆన్‌లైన్ చదువుల వేదికలో రిమోట్ సెన్సింగ్ అనే ఎనిమిది వారాల కోర్సులో చేరాడు. నేలనీ నీటినీ ముట్టుకోకుండా, ఉపగ్రహం కంటితో దూరాన్నుంచి చూసి సంగతి చెప్పే విద్య అది. దూరాన్నుంచి చూసే విద్యని దూరవిద్యలో చదవడం పునరుక్తి దోషమో, యమకాలంకారమో పిఠాపురం పండితులు తేల్చాలి. చేరడానికి రూపాయి అక్కర్లేదు. వయసు అడ్డం కాదు, బాకీ పేపరు సంగతి ఎవరూ ఎత్తరు. సర్టిఫికెట్ కావాలనుకుంటేనే పరీక్షకి వెయ్యి రూపాయలు.

ఇక ప్రతిపదార్థం.

వార వారము = ఎనిమిది వారాలపాటు. ఒక్క పాఠమున్ = ఇది అల్పోక్తి. ఒక్కటని చెప్పి అరగంట వీడియోలు అయిదు వదులుతారు. పంపుచున్ = పంపుతూ.

ఎవరు పంపుతూ? కర్త ఏడీ? పద్యం నాలుగు పాదాలూ గాలించినా కర్త దొరకడు. ఛందస్సు కోసం కవి మింగేశాడని తొందరపడకూడదు. కర్త కనబడకపోవడమే దూరవిద్య. 1840లో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ పోస్టులో షార్ట్‌హ్యాండ్ నేర్పిన నాటినుంచీ గురువుగారు ఇలాగే కవరులోంచి మాట్లాడుతున్నారు. అక్కడే 1969లో ఓపెన్ యూనివర్సిటీకి చార్టరు దక్కింది, 1971లో మొదటి విద్యార్థులు చేరారు. మనం మరీ వెనకబడలేదు. 1982 ఆగస్టు 26న మన రాష్ట్రంలోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది, దేశంలో అదే మొదటిది. జి. రాంరెడ్డిగారు దానికి తొలి వైస్ ఛాన్సలర్. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెడితే దానికీ ఆయన్నే తొలి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్ళారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు. 2003లో ఐఐటీల వాళ్ళు కలిసి ఎన్‌పీటీఈఎల్ అంటూ పాఠాలు రికార్డు చేశారు, 2017 జూలైలో 'స్వయం' వచ్చింది. ఈ గురుపరంపర అంతా 'పంపుచున్' అన్న మూడక్షరాల్లో ఉంది. (ఈ చోట ఏకలవ్యుణ్ణి తీసుకురావడం ఆచారం. నేను తేను. ఆయన కట్టిన ఫీజు బొటనవేలు. మాది వేళ్ళ మీద బతికే ఇల్లు.)

గడువు పెట్టునయ్య = గడువు పెడతాడయ్యా. 'బుధవారం రాత్రి 11:59' అని అధ్యాహారం చేసుకోవాలి. పన్నెండు అనొచ్చు కదా, ఆ ఒక్క నిమిషం ఎందుకు తగ్గించారంటే, పన్నెండు అంటే ఏ రోజు పన్నెండని అడిగే నాలాంటివాళ్ళు ఉంటారని. 'అయ్య' అన్న సంబోధన ఎవరికి? పక్కన కూర్చున్న భార్యకైతే కాదు. గురువు ఎదురుగా లేడు. కనక కవి తనని తానే పిలుచుకున్నాడని నా నిర్ణయం. ఒంటరిగా చదివేవాళ్ళందరికీ కొన్నాళ్ళకి ఈ అలవాటు పడుతుంది.

కడలి వోలె = సముద్రంలాగా. ఉపమాలంకారం. 'కడలి లోన' అని పాఠాంతరం ఉంది గానీ దాన్ని తోసిపుచ్చాను, ఎందుకంటే అది రాసినప్పుడు కవికి నిద్ర వస్తోంది.

గడువుకీ కడలికీ పోలిక ఏమిటని పొరుగూరివాళ్ళు అడుగుతారు. ఉప్పాడ వాళ్ళు అడగరు. మా ఊరికి సముద్రం తరతరాలుగా గడువులు పెడుతూనే ఉంది. మా తాతగారి ఇల్లున్న చోట ఇప్పుడు వల వేస్తున్నారు. రాళ్ళు పోశారు, ఇసుక కుక్కిన జియోట్యూబు గోడ కట్టారు, కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డుని తుఫాను తుఫానుకీ మళ్ళీ వేస్తారు. ఎందుకు కోస్తోందంటే పెద్దలు గంగమ్మ కోపం అంటారు. పుస్తకాలవాళ్ళు రెండు మూడు కారణాలు చెబుతారు. దక్షిణాన హోప్ ఐలండ్ ఇసుకమేట పెరిగి కెరటాల దారి మార్చింది. గోదావరి మీద ఆనకట్టలు ఒండ్రుని ఆపేశాయి. 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొచ్చిన నది, మూడు దశాబ్దాలు తిరిగేసరికి అందులో సగం కూడా తేవడం లేదు. తిండి తగ్గించి ఒడ్డుని ఎలా నిలబడమంటారు?

ఈ పదం దగ్గర కవి ఎందుకింతసేపు ఆగాడో చెప్పాలి. మూడో వారం పాఠంలో ఉంది ఆ రహస్యం. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఒకటుంది. దాన్ని నీరు దాదాపు మింగేస్తుంది. ఇసుకా ఆకూ తిప్పి పంపేస్తాయి. అందుకని ఆ బొమ్మలో సముద్రం కాటుకలా ఉంటుంది, ఒడ్డు గీత గీసినట్టు తేలుతుంది. మాస్టారు 'రిఫ్లెక్టెన్స్' అని పది సార్లు అన్నాక గానీ నాకు వెలగలేదు, అది మన తెలుగు అకాడమీ పుస్తకంలోని పరావర్తనమేనని. ముప్పై మూడేళ్ళ తర్వాత పాత స్నేహితుడు ఇంగ్లీషు చొక్కా వేసుకుని ఎదురైనట్టయింది.

బొమ్మంతా గడులు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన బొమ్మలో ఒక్కో గడి నేల మీద ముప్పై మీటర్లు. పిక్సెల్ అంటే ఏమిటో తెలియక కుర్రాళ్ళు తికమక పడతారేమో గానీ జాందానీ వాడికి అది పుట్టుకతో వచ్చిన విద్య. మేం గ్రాఫు కాయితం మీద గడి గడికీ చుక్క పెట్టుకుని, పడుగులో ఎన్ని పోగులు వదిలి బుటా పోగు ఎక్కడ దూర్చాలో లెక్కేసుకుంటూ నెమలిని దించుతాం. గుంటమగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుంటాం, ఆవిడో అంచు వైపు, నేనో అంచు వైపు. ఫోను మగ్గం గుంజకి పురికొసతో కట్టి పాఠం పెడితే ఇద్దరికీ వినబడేది. అడవులు ఎర్రగా కనబడే బొమ్మ చూపించారు ఓ రోజు. ఫాల్స్ కలర్ అంటారు దాన్ని. మా ఆవిడ నాడె ఆపి చూసింది.

"ఆకు ఎర్రగా నేస్తే షావుకారు చీర మొహాన కొడతాడండీ," అంది.

మా అమ్మాయి మా ఊరి ల్యాండ్‌శాట్ బొమ్మలు, పాతదొకటి, కొత్తదొకటి దింపి ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఈ బొమ్మలు 2008 నుంచి ఎవరికైనా ఉచితమే. పాతదాంట్లో తెల్లగా ఉన్న గడి కొత్తదాంట్లో నల్లబడింది. నేను అక్షాంశం రేఖాంశం చూసుకుంటున్నాను. మా ఆవిడ వేలు పెట్టి, "ఇది మా పిన్ని వాళ్ళ గడి. పక్కన వేపచెట్టుండేది," అంది. ఆ మాట ఏ పాఠంలోనూ లేదు.

చదువుకొనెడి వేళ = రాత్రి తొమ్మిది దాటాక. అంతకుముందు చదివిందంతా వినికిడి చదువు, లెక్కలోకి రాదు. సంద్రమ్ము పొంగిన(న్) = అల్పపీడనం పట్టి, దానికి అమావాస్య పోటు తోడైతే.

నెట్టు పోవునయ్యొ = ఇక్కడ శ్లేష. మూడర్థాలు. ఒకటి, నెట్టు పోతుంది, అంటే కరెంటూ టవరూ కలిసి పడుకుంటాయి. రెండు, పొంగినన్ + ఎట్టు అని విడదీస్తే, సముద్రం పొంగితే ఎట్లా పోవడం? బీచ్ రోడ్డు మూసేస్తారు, పిఠాపురం మీదుగా చుట్టు తిరగాలి. మూడు, నెట్టు = నెట్టుకుంటూ. నీళ్ళు తాగిన మోటారు సైకిలుని నెట్టుకుంటూ పోవడం. కవికి మూడూ జరిగాయి గనక ఏ అర్థాన్నీ కొట్టెయ్యడానికి లేదు.

మొదటి అర్థానికి ఉదాహరణ. మూడో వారం బుధవారం ఇంట్లో సిగ్నల్ లేదు. తెల్లవారుజామున వాన తెరిపి ఇచ్చాక ఫోను పట్టుకుని ఒడ్డుకి పోయాను. గడువు ఎప్పుడో దాటిపోయిందని తెలుసు, అయినా ఆశ. ఒడ్డున అప్పటికే జనం. తుఫాను పోయాక మా ఒడ్డున బంగారం దొరుకుతుందని ఇసుక జల్లిస్తారు. కూలిన ఇళ్ళలోవో, గుళ్ళలోవో, రవ్వా రేణువూ. వాళ్ళందరూ నేలకేసి వంగి ఉన్నారు, నేనొక్కణ్ణే చెయ్యి ఆకాశానికెత్తి నడుస్తున్నాను. "నీకేటి దొరికింది బావా?" అని ఒకడు అడిగాడు. రెండు గీతలని చెప్పాను.

నిజముగాను = పాదం నింపడానికి వేసిన ముక్కని కొందరు. కాదు. నెట్టు పోయిందన్న మాట ఎవడు చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ఆ ఒట్టు.

శంక: అలా ఒక వారం తప్పితే కొంప మునిగినట్టే కదా? సమాధానం: మునగదు. ఎనిమిది అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఆరే లెక్కకి తీసుకుంటారు. ఆ మిగతా రెండూ ఎందుకు వదిలారని వ్యాఖ్యాతలు తలలు బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఉప్పాడకి సీజనుకి రెండు తుఫాన్లు.

తాత్పర్యం: చదువు వదిలేసినవాడికి అడిగేవాడు ఉండడు. అడిగేవాడు లేక ముప్పై మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు మొహం తెలియని ఒకడు వారం వారం అడుగుతున్నాడు, కవికి అదే బావుంది.

ఫలశ్రుతి: పరీక్షనాడు హాలు గుమ్మంలో ఒకతను ఆపి, "పేరెంట్స్ బయటుండాలండీ," అన్నాడు. హాల్‌టికెట్ చూపించాను. ఫొటో చూశాడు, నన్ను చూశాడు, "సారీ మాస్టారూ" అన్నాడు. లోపల నా పక్క కుర్రాడు మా అమ్మాయి ఈడువాడు. అసైన్‌మెంట్లకి 25కి కనీసం 10, పరీక్షకి 75కి కనీసం 30 రావాలి. నాకు 21, 37. వెరసి 58. 60 వస్తే సర్టిఫికెట్ మీద 'ఎలీట్' అని అచ్చేస్తారు.

ఇది శ్రీమదుప్పాడపుర వాస్తవ్య, గుంటమగ్గ నివాస, ఇంటర్ లెక్కల పేపరు ఋణగ్రస్త నామధేయ ప్రణీతంబైన గడువు పద్య వ్యాఖ్యానంబు సమాప్తము.

మా వీధివాళ్ళకి ఒక మనవి. జూలైలో ఇంకో కోర్సు మొదలవుతుంది, ఈసారి ఆవిడ కూడా పేరిచ్చింది. బుధవారం రాత్రి పదకొండు దాటాక మా ఇంటికి ఫోన్లు చెయ్యకండి, ఆయ్.